ముఖ్య అతిథి వచ్చేదాకా పుట్టని బిడ్డ

మా నాగులమెట్ట ఏరియా ఆసుపత్రిలో చట్టాన్ని గౌరవించినంతగా ఇంకెక్కడా గౌరవించరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను. నేనిక్కడ హెల్త్ ఎడ్యుకేటర్‌ని. మైకు, ఫ్లెక్సీ, ర్యాలీ, నినాదం నా శాఖ. రోగాలు, మందులు డాక్టర్ల శాఖ. ఒకరి శాఖలో ఒకరం వేలు పెట్టం.

పసిపిల్లల డబ్బాపాలు తయారుచేసే కంపెనీలు ఆసుపత్రుల్లో తమ సరుకు గురించి ప్రచారం చేసుకోకూడదు, డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదు. ఇది చట్టం. మేం దీన్ని అక్షరాలా పాటిస్తాం. మా ఆసుపత్రి నలుమూలలా వెతికినా ఏ కంపెనీ పేరూ కనిపించదు. ఓపీ హాల్లో గోడగడియారం డబ్బా ఆకారంలో ఉంటుంది గానీ దాని మీద పేరుండదు. పిల్లల వార్డు కర్టెన్లు, డాక్టర్ల బల్లల మీద పెన్నుల స్టాండ్లు, బిడ్డల్ని తూచే మిషను, సిస్టర్ల టిఫిన్ సంచులు, సూపరింటెండెంటు గారి చెప్పుల స్టాండు, అన్నీ పసుపురంగులో ఉండి పైభాగం ఊదారంగులో ఉంటాయి. బజార్లో పసుపు డబ్బాకి ఊదా మూత ఉన్న పాలపొడి ఒకటే దొరుకుతుంది. అందులో మా తప్పేం లేదు. రంగుల మీద మాకు ఇంతవరకు ఏ ఆంక్షలూ అందలేదు.

కానుకల విషయమూ అంతే. కంపెనీ ఇస్తే కానుక అవుతుంది. శ్రేయోభిలాషి ఇస్తే కాదు. అందుకని ఆ కంపెనీ ఏరియా మేనేజరు నిఖిలేశ్వర్‌ని మేమందరం శ్రేయోభిలాషి గారనే పిలుస్తాం. చాలా మర్యాదస్తుడు. విజిటింగ్ కార్డు అడిగితే రెండువైపులా తెల్లగా ఉన్న కార్డు తీసి, వంగి, రెండు చేతులతో అందిస్తాడు. కిందటేడు మా డాక్టర్లందరినీ సముద్రానికి అవతలున్న ఏదో దీవికి శాస్త్రీయ సదస్సుకు తీసుకెళ్లాడు. సదస్సు అంశం ‘తల్లిపాలు - సందేహాలు’. వెళ్లేటప్పుడు మావాళ్లకు ఒక్క సందేహమూ లేదు. తిరిగొచ్చేటప్పుడు బోలెడు సందేహాలతోనూ, ఎండకు కమిలిన ముక్కులతోనూ వచ్చారు.

మా ఆసుపత్రికి ఇంకో సంప్రదాయం ఉంది. ప్రారంభోత్సవం జరగనిదే ఏ వస్తువునీ వాడం. బోరు వేశాక ఎమ్మెల్యే గారికి తీరిక దొరకలేదని వేసవంతా ట్యాంకర్ నీళ్లే తాగాం. కొత్త స్ట్రెచర్‌కి కట్టిన రిబ్బను కత్తిరించేవాళ్లు లేక, దాని పక్క నుంచే రోగుల్ని భుజాల మీద మోసుకెళ్లాం. ఇది మూర్ఖత్వమని కొందరు బయటివాళ్లు అంటారు. పెద్దల చేత్తో మొదలైనది పదికాలాలు ఉంటుందని మా సూపరింటెండెంటు డాక్టర్ కిల్లంశెట్టి పురుషోత్తం గారి నమ్మకం. ఆ స్ట్రెచర్ ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది.

ఆగస్టు దగ్గర పడిందంటే తల్లిపాల వారోత్సవాలు. ఏటా ర్యాలీ, ముగ్గుల పోటీ, వ్యాసరచన, ఉపన్యాసాలు. ఖర్చంతా శ్రేయోభిలాషి గారిదే. ఆ ఏడు మాత్రం పురుషోత్తం గారు మమ్మల్ని పిలిచి కొత్త ఆలోచన చెప్పారు.

“ఈసారి దీపం వెలిగించడం, బెలూన్లు ఎగరెయ్యడం వద్దయ్యా. అవి ఎక్కడైనా చేస్తారు. జరుపుకునేది తల్లిపాల వారం కనక తల్లిపాలనే ప్రారంభిద్దాం.”

“పాలని ప్రారంభించడం ఎలాగండీ?” అన్నాను.

“ఆ రోజు పొద్దున్న పుట్టిన బిడ్డకు మొట్టమొదటి పాలు, పుట్టిన గంటలోపు, ముఖ్య అతిథి చేతుల మీదుగా. రాష్ట్రంలో ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.”

కాన్పుల వార్డు హెడ్ సిస్టర్ సుగుణ గారు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. “చేతుల మీదుగా అంటే... ఎలాగ సార్?”

“ఆయన రిబ్బను కత్తిరించి, బిడ్డని ఎత్తి తల్లికి అందిస్తారు సిస్టర్. మిగతా కార్యక్రమం తల్లి నిర్వహిస్తుంది. ఫొటోగ్రాఫర్‌ని అటు తిప్పి నిలబెడదాం.”

“మహత్తరమైన ఆలోచన సార్,” అన్నాడు శ్రేయోభిలాషి. “రిబ్బను మేం ఇస్తాం. పసుపు, ఊదా.”

ముఖ్య అతిథిగా రాష్ట్ర శిశు పోషణ గౌరవ సలహాదారు గారిని పిలిచాం. తొమ్మిదింటికి వస్తామన్నారు. తల్లి కోసం కాన్పుల వార్డంతా గాలించి, మెట్టవలస నుంచి వచ్చిన అప్పలకొండని ఎంపిక చేశాం. నెలలు నిండాయి, ఆరోగ్యంగా ఉంది, మొహం ఫొటోకి నప్పుతుంది. తోడు వాళ్లమ్మ సూరీడమ్మ. మొగుడు చెన్నపట్నంలో తాపీపనికి వెళ్లాడు. ఇది రెండో కాన్పని కేసుషీటులో ఉంది. మొదటి బిడ్డ సంగతి ఎవరం అడగలేదు. ప్రారంభోత్సవానికి అది అవసరం లేదు.

అప్పలకొండ మా గౌరవం నిలబెట్టింది. ప్రారంభోత్సవం నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి మగబిడ్డని కంది. వాడి గొంతు ఖంగుమంటోంది. సుగుణ సిస్టర్ తుడిచి, గుడ్డ చుట్టి, అలవాటు ప్రకారం తల్లి రొమ్ము దగ్గరికి తీసుకెళ్తుంటే పురుషోత్తం గారు పరుగున వచ్చి ఆపారు.

“ఆగండి సిస్టర్! ఇప్పుడే తాగేస్తే తొమ్మిదింటికి ఆయన ఏం ప్రారంభిస్తారు? కొత్త బ్రిడ్జి మీద మంత్రిగారి కంటే ముందు ఎవడో ఎడ్లబండి తోలుకుపోయినట్టు ఉంటుంది.”

అంచేత తల్లి మంచానికీ బిడ్డ ఉయ్యాలకీ మధ్య రెండు స్టాండ్లు పెట్టి రిబ్బను కట్టాం. పక్కన పళ్లెంలో కత్తెర పెట్టాం. వెనక నా ఫ్లెక్సీ: ‘తొలిగంటలో తల్లిపాలు, బిడ్డకు అవే ముత్యాలు’. కింద ‘సౌజన్యం: ఒక శ్రేయోభిలాషి’. అప్పలకొండ పక్కకి తిరిగి రిబ్బను మీదుగా బిడ్డని చూస్తూ పడుకుంది.

“సిస్టరమ్మా, గుంటడు నోరు ఎతుక్కుంటన్నాడు. ఇలగ ఇచ్చీయండి,” అంది.

“కాసేపాగమ్మా, పెద్దాయన వస్తున్నారు,” అన్నారు సిస్టర్, ఆమె వైపు చూడకుండా.

తొమ్మిదయ్యింది. ఫోను చేస్తే సలహాదారు గారు బయల్దేరారని చెప్పారు. మా ఉద్యోగాల్లో ‘బయల్దేరారు’ అంటే ఇంకా స్నానానికి వెళ్లలేదని అర్థం. తరవాత ‘దారిలో ఉన్నారు’ అన్నారు. అంటే స్నానం అవుతోందన్నమాట. ఆ పైన తెలిసిందేమిటంటే, ఆయన బస చేసిన బీచి రిసార్టులోనే శ్రేయోభిలాషి గారి పైవాళ్లు ఒక శాస్త్రీయ గోష్ఠి ఏర్పాటు చేశారట. శిశు పోషణ గురించి అత్యవసరమైన చర్చ, తరవాత రొయ్యల బిర్యానీ.

ఇక్కడ మాకు ఒక సాంకేతిక సమస్య వచ్చింది. సుగుణ సిస్టర్ గడియారం వంక చూసి, “సార్, గంట దాటిపోతోంది,” అన్నారు.

“ఏ గంట?”

“తొలిగంట సార్. ఫ్లెక్సీ మీద వేయించాం. పుట్టిన గంటలోపు పట్టాలి.”

పురుషోత్తం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటే ఏదో ఒక ఉత్తర్వు పుడుతుందని మాకు తెలుసు.

“పుట్టినట్టు ఎవరు రాశారు?”

“ఇంకా ఎవరూ రాయలేదు సార్. మీటింగు హడావిడిలో రిజిస్టరు...”

“రాయొద్దు. సలహాదారు గారు గేటు లోపలికి అడుగుపెట్టిన క్షణం జనన సమయంగా రాయండి. అక్కణ్నుంచి మనకి నిండుగా గంట ఉంటుంది.”

“అంటే అప్పటిదాకా ఈ బిడ్డ...”

“పరిపాలనాపరంగా ఇంకా పుట్టలేదు.”

ఇంత సులువైన పరిష్కారం నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను. ఆ మాట వార్డంతా పాకింది. పనులన్నీ దానికి తగ్గట్టు సర్దుకున్నాయి. పుట్టని బిడ్డ కనక బరువు తూచలేదు, చేతికి చీటీ కట్టలేదు, టీకా వెయ్యలేదు. అప్పలకొండ బాలింత కాదు, నిండు గర్భిణి. అంచేత ఆమెకు బాలింతల భోజనం ఆపి గర్భిణుల అరటిపండు ఇచ్చారు. ఉయ్యాల్లో ఏముందని కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు అడిగితే, ప్రోగ్రాం సామానని చెప్పారు.

ఆ సామాను మాత్రం ఏడుపు మానలేదు. మైకు టెస్టింగుకి అడ్డం వస్తోందని షామియానా వాళ్లు ఫిర్యాదు చేశారు. పురుషోత్తం గారు వచ్చి, “పుట్టనివాడు ఏడవడం శాస్త్రవిరుద్ధం,” అన్నారు.

సూరీడమ్మ లేచి నిలబడింది. “మరయితే ఈ ఏడిసేదెవులు బాబూ?”

“అది మేం పరిశీలిస్తాం,” అన్నారాయన.

ఈలోగా ఆవరణలో సభ మొదలుపెట్టేశాం. జనం లేచి వెళ్లిపోకుండా ఉపన్యాసాలు పెట్టడం నా బాధ్యత. పట్నం నుంచి వచ్చిన పిల్లల డాక్టరు గారు తల్లిపాలు అమృతమనీ, ప్రకృతి ఇచ్చిన వరమనీ, దానికి సాటి లేదనీ అరగంట మాట్లాడారు. మధ్యలో ఆయన గొంతు కూడా గద్గదమైంది. తరవాత ఒక్క క్షణం ఆగి, “కానీ...” అన్నారు. ‘కానీ’ దగ్గర ముందు వరసలో ఉన్న శ్రేయోభిలాషి నిటారుగా కూర్చున్నాడు. కానీ ఈ రోజుల తల్లులందరికీ చాలినన్ని పాలు ఉంటున్నాయా, కానీ మనం తినే తిండిలో బలమెక్కడ, కానీ బిడ్డ మెదడు పెరుగుదల విషయంలో రిస్కు తీసుకోగలమా. ఆయన తరవాత మాట్లాడిన వాళ్లందరూ అలాగే అమృతంతో మొదలుపెట్టి కానీతో ముగించారు. ‘కానీ’కి ముందరి భాగం ప్రభుత్వానిది, తరవాతి భాగం శ్రేయోభిలాషిది. ఒక్కొక్కరికీ శాలువా కప్పి డబ్బా ఆకారపు మెమెంటో ఇచ్చాం. పేరు లేదు.

మధ్యాహ్నమయ్యేసరికి ఏడుపు సన్నబడింది. నేను వార్డులోకి వెళ్లేసరికి అప్పలకొండ మంచం మీద లేచి కూర్చుని ఉంది. జాకెట్టు తడిసిపోయి ఉంది. సుగుణ సిస్టర్ పురుషోత్తం గారిని బతిమాలుతున్నారు. “సార్, పిల్లాడు నీరసపడుతున్నాడు. ఒక్కసారి పట్టించేద్దాం. ఎవరికీ చెప్పం. ఆయనొచ్చాక మళ్లీ పట్టొచ్చు.”

“రెండోసారి పట్టేదాన్ని ప్రారంభం అంటారా సిస్టర్? నేను సంతకం పెట్టి మోసం చెయ్యలేను. నాకు విలువలున్నాయి.”

అప్పుడు శ్రేయోభిలాషి గొంతు సవరించుకున్నాడు. “సార్, తల్లిపాల ప్రారంభానికి భంగం రాకుండా ఒక మార్గముంది. మా దగ్గరున్నది తల్లిపాలు కాదు గదా. అది పట్టినంత మాత్రాన తల్లిపాలు ప్రారంభమైనట్టు కాదు.” బ్యాగు జిప్పు తీశాడు. పసుపు డబ్బా, ఊదా మూత.

“ఆసుపత్రిలో శాంపిల్ డబ్బా ఇవ్వకూడదు కదండీ,” అన్నాను నేను. ఆ చట్టం గురించిన పోస్టర్లు గోడలకి అంటించింది నేనే కనక గుర్తుంది.

పురుషోత్తం గారు కళ్లజోడు తీశారు.

“చట్టం ఎవరి కోసమయ్యా?”

“శిశువుల కోసమండీ.”

“శిశువంటే?”

“పుట్టినవాడండీ.”

“వీడు పుట్టాడా?”

న్యాయంగా చూస్తే ఆయన మాటలో లొసుగు లేదు. పుట్టని బిడ్డకి డబ్బాపాలు పట్టకూడదని ఏ చట్టంలోనూ లేదు. శ్రేయోభిలాషి డబ్బా మూత తీశాడు. వేడినీళ్లు తెమ్మని ఎవరో ఆయాని పంపారు.

ఆ డబ్బా చూడగానే అప్పలకొండ రిబ్బను పట్టుకుని మంచం దిగింది.

“అది వొద్దు బాబూ. మీకు దణ్ణవెడతాను, అది మాత్తరం పట్టొద్దు.”

“ఎందుకమ్మా భయం? ఇది సైంటిఫిక్కు,” అన్నారు పురుషోత్తం గారు.

“ముందు కాన్పూ ఇక్కడే బాబూ. నీకు పాలు సాలవని అన్నారు. ఈ డబ్బావే ఉత్తినే ఇచ్చినారు. వారం పది దినాలు సీసా మరిగినాక నా రొమ్ము పట్టనేదు ఆడు. నా పాలు ఎండిపోనాయి. డబ్బా అయిపోనాక కొనుక్కోమన్నారు. ఎక్కడ కొంటాం? నీల్లల్లో పొడి తగ్గించి, ఇంకా తగ్గించి పట్టినాను. యిరోసనాలు పట్టుకున్నాయి. మూడో నెల నిండనేదు, నా సేతుల్లోనే సచ్చిపోనాడు.”

సుగుణ సిస్టర్ మొహం గోడవైపు తిప్పుకున్నారు. నేను మైకులో ఎన్నో గణాంకాలు చదివినవాణ్ని. ఒక గణాంకం తడిసిన జాకెట్టుతో ఎదురుగా నిలబడి చేతులు జోడించడం అదే మొదటిసారి. నాకు దుఃఖమొచ్చింది. ఆ దుఃఖంతో నేనేం చేశానంటే, పక్కకి జరిగాను.

పురుషోత్తం గారు ముందుగా తేరుకున్నారు. “చూడమ్మా, ఎమోషనల్ అవ్వకూడదు. అది ఐసోలేటెడ్ కేసు. నీకు పాలు సరిపోకపోతే డాక్టర్లేం చేస్తారు?”

“పట్టనీకుండానే సాలవని ఎలగ తెలిసింది బాబూ?”

ఇది అవిధేయత అని ఆయన అనుకుని ఉంటారు. “వేడినీళ్లు ఏవయ్యా?” అని గద్దించారు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద సైరన్ మోగింది.

“వచ్చేశారు!”

వార్డు మొత్తం ఖాళీ అయిపోయింది. పురుషోత్తం గారు కోటు గుండీలు పెట్టుకుంటూ, శ్రేయోభిలాషి శాలువా పట్టుకుని, ఆయా వేడినీళ్ల గిన్నెతో సహా, అందరూ గేటు దగ్గరికి పరిగెత్తారు. నేను మైకు అందుకుని, “శిశువుల ఆశాజ్యోతి, పోషణ ప్రదాత గౌరవనీయులైన...” అని ఎత్తుకున్నాను. బ్యాండుమేళం వాయించింది. ముగ్గుల పోటీలో గెలిచిన అమ్మాయిలు పూలు జల్లారు. వచ్చింది 108 అంబులెన్సు. అందులో కొబ్బరిచెట్టు మీంచి పడినాయన ఉన్నాడు. పూలరెక్కలు నెత్తిమీద పడేసరికి తాను చచ్చిపోయాననుకుని బావురుమన్నాడు. డ్రైవరు మెళ్లో పడిన దండని మేం మర్యాదగా వెనక్కి తీసుకున్నాం.

ఆ గొడవలో ఇద్దరు ఆడవాళ్లు మా ఎదురుగానే వచ్చారు. ముందు సూరీడమ్మ సంచితో, వెనక అప్పలకొండ. నిండా కొంగు కప్పుకుని, పొట్ట దగ్గర రెండు చేతులూ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ నడుస్తోంది. కాన్పుల వార్డు నుంచి బిడ్డని బయటికి తీసుకెళ్లాలంటే చీటీ ఉండాలి. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

“సీటీ ఏదమ్మా?”

“సీటీ పుట్టినోల్లకి కదా బాబూ,” అంది సూరీడమ్మ. “నా కూతురికింకా కాన్పే అవనేదు. మీ పెద్ద డాట్రుగోరే అన్నారు. అడుగు, ఆల్ల ఎదటే అడుగు.”

వాచ్‌మన్ నా వైపు చూశాడు. కొంగు కింద ఏదో కదిలింది. పొద్దుటి నుంచి వినిపిస్తున్న ఆ ఏడుపు ఇప్పుడు లేదు. దానికి బదులు, చెవి పెట్టి వింటే, చప్పరింపు వినిపించింది. గర్భిణులకు దారి వదలమని నేనే రాసిన బోర్డు గేటు పక్కనే ఉంది. బోర్డు ప్రకారం పక్కకి తప్పుకున్నాను. వాచ్‌మన్ కూడా తప్పుకున్నాడు. వాళ్లు స్వాగత ద్వారం కింద నుంచి వెళ్లి ఆటో ఎక్కారు.

సలహాదారు గారు సాయంత్రం వచ్చారు. కుర్చీల్లో జనం లేరు గానీ ఆయన దాన్ని పట్టించుకునే మనిషి కాదు. వార్డులోకి తీసుకెళ్తే మంచం ఖాళీ, ఉయ్యాల ఖాళీ. పురుషోత్తం గారి మొహంలో రక్తం లేదు. శ్రేయోభిలాషి ఆదుకున్నాడు. నర్సులకి శిక్షణ ఇవ్వడానికి తెచ్చుకునే రబ్బరు బొమ్మ ఒకటి అతని కారులో ఉంది. దాన్ని ఉయ్యాల్లో పెట్టారు. తల్లి స్థానంలో డబ్బా పెట్టారు. సలహాదారు గారు కత్తెరతో రిబ్బను కత్తిరించి, బొమ్మని ఎత్తి డబ్బాకి అందించారు. అందరం చప్పట్లు కొట్టాం.

“ఈ బిడ్డ కళ్లలో నాకు రేపటి రాష్ట్రం కనిపిస్తోంది,” అన్నారాయన. “ఏడవకుండా ఎంత క్రమశిక్షణతో ఉందో చూడండి. మన పిల్లలందరూ ఇలా తయారవ్వాలి.”

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. ‘తల్లిపాలకు శ్రీకారం’ అని శీర్షిక. డబ్బా చక్కగా పడింది. పేరు లేదు కనక ఎవరూ ఆక్షేపించలేదు.

ఇబ్బంది తరవాత మొదలైంది. మా రికార్డు ప్రకారం అప్పలకొండ నిండు గర్భిణిగా చేరింది. కాన్పయినట్టు లేదు. చెప్పకుండా వెళ్లిపోయింది. అంటే ఇంకా గర్భంతోనే ఉంది. రికార్డు దిద్దితే ఆ రోజు జరిగిందంతా దిద్దాలి. సలహాదారు గారి ఫొటో కూడా దిద్దాలి. అంత ధైర్యం ఎవరికుంది? కాబట్టి మా ఏఎన్ఎమ్ ప్రతి నెలా మెట్టవలస వెళ్లి, ఒళ్లో బిడ్డని ఆడిస్తున్న అప్పలకొండకి గర్భిణుల ఐరన్ మాత్రలు ఇచ్చి, కాళ్లవాపులు ఉన్నాయా అని అడిగి వచ్చేది. బిడ్డ బోర్లాపడ్డాడు, పాకాడు. అప్పలకొండకి పదో నెల, పన్నెండో నెల, పధ్నాలుగో నెల వచ్చాయి.

పురుషోత్తం గారు దీన్ని కూడా వృథా పోనివ్వలేదు. సుదీర్ఘ గర్భధారణ మీద ఒక పరిశోధనా పత్రం రాసి, శ్రేయోభిలాషి గారి సౌజన్యంతో ఇంకో దీవిలో చదివొచ్చారు. అక్కడి వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఏనుగు మోసే ఇరవైరెండు నెలల లెక్క దాటితే అంతర్జాతీయ గుర్తింపు ఖాయమని ఆయన ఆశ. ఆ పత్రం చివర్లో కూడా ఒక ‘కానీ’ ఉంది: ఇంతకాలం మోసే తల్లికి పాలు సరిపోతాయని చెప్పలేం.

మళ్లీ ఆగస్టు వచ్చింది. సలహాదారు గారు పోయినేటి కార్యక్రమం ఎంతో బాగుందనీ, ఈసారి నిజం బిడ్డతో చేద్దామనీ కబురు చేశారు. బొమ్మ అని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. పురుషోత్తం గారు నన్ను పిలిచారు.

“ఆ అప్పలకొండని తీసుకురావయ్యా. వాడి తొలిగంట ఇంకా మొదలవ్వలేదు. మనకి టైముంది.”

ఉత్తర్వు రాసి, ముద్ర వేసి ఇచ్చారు. సదరు గర్భిణి వెంటనే ఆసుపత్రికి హాజరై, పెండింగులో ఉన్న జననాన్ని పూర్తి చేసుకుని, ప్రారంభోత్సవానికి సహకరించవలెను. ఈలోగా బిడ్డకు పాలు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం.

జీపులో మెట్టవలస వెళ్లాను. అప్పలకొండ అరుగు మీద కూర్చుని ఉంది. వాడు నడిచొస్తున్నాడు. బుగ్గలు పొంగి, పాలపళ్లు బయటపడి, ఏ డాక్టరుకీ సందేహం రానంత బలంగా ఉన్నాడు. కొత్త మనిషిని చూసి తప్పటడుగులతో వెళ్లి తల్లి కొంగులో దూరి తాగడం మొదలుపెట్టాడు. నేను నా డ్యూటీ ప్రకారం ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. ఆమె మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

“అయితే బాబూ, మీ కాయితాల్లో ఈడింకా పుట్టనేదన్నమాట.”

“లేదమ్మా. మీరొస్తేనే పుట్టినట్టు రాస్తారు. రాయించుకుంటే మంచిది. బడికీ, రేషనుకీ రేపు అడుగుతారు.”

ఆమె వాడి వీపు నిమిరింది.

“ముందటోడు మీ కాయితాల్లో సక్కగా పుట్టినాడు బాబూ. టయిం రాసినారు, తూకం రాసినారు, సేతికి సీటీ కట్టినారు. ఆడే లేడు. ఈడు పుట్టనేదు గాబట్టే నా వొల్లో ఉన్నాడు. ఉండనీండి. ఈడు పెద్దోడయ్యి, మీ డబ్బా ఇంక నోట పట్టనోడయ్యినాక పుడతాడు.”

నేను ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాను. జీపెక్కాక దాన్ని మళ్లీ తీసి, వెనకవైపు తిప్పి, ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి ఎవరూ చెప్పకుండా నా సొంతంగా ఒక వాక్యం రాశాను: ‘సదరు బిడ్డ ఇంకా పుట్టలేదు గనుక తీసుకురావడం వీలుపడలేదు.’ కింద సంతకం పెట్టి, డ్రైవర్ని పోనిమ్మన్నాను.